ఆడకముందే అంతస్తులా?
హాకీ ర్యాంకులను ఎంతవరకు నమ్మాలి?

పెద్ద హాకీ పోటీలు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఏ జట్టు మొదటిది, ఏ జట్టు పదోది అని పట్టికలు వెలువడతాయి. అప్పటికి ఎవరూ మైదానంలోకి దిగి ఉండరు. బంతికి కర్ర తగిలి ఉండదు. అయినా గెలిచేదెవరో, ఓడేదెవరో తేలిపోయినట్టే మాటలు సాగుతాయి. టీ కొట్టు దగ్గర పేపరు చూసే కుర్రవాడు కూడా "మనవాళ్ళ ర్యాంకెంత, వాళ్ళ ర్యాంకెంత" అని పెదవి విరుస్తాడు. ఇంతకీ ఈ ర్యాంకులు ఎలా వస్తాయి? వాటిలో న్యాయమెంత?

కిందటి పంట లెక్క

అంతర్జాతీయ హాకీ సమాఖ్య 2003లో దేశాల జట్లకు ర్యాంకులివ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు పోటీలలో ఎవరిని ఎవరితో ఆడించాలన్న విషయమై విమర్శలు వచ్చేవి. వాటికి సమాధానంగా ఈ పద్ధతి పెట్టారు. పెద్ద టోర్నమెంటులో ఏ స్థానంలో నిలిచారన్నదాన్ని బట్టి పాయింట్లు వచ్చేవి. దారిలో ఎవరిని ఓడించారన్నదానికి అంత విలువ ఉండేది కాదు.

2020 జనవరి నుంచి లెక్క మారింది. ఇప్పుడు మ్యాచి మ్యాచికీ పాయింట్లు మారతాయి. గెలిచిన జట్టుకు ఎన్ని కలుస్తాయో, ఓడిన జట్టు ఖాతాలోంచి అన్ని పోతాయి. తమకంటే పై జట్టును ఓడిస్తే ఎక్కువ, కింది జట్టును ఓడిస్తే తక్కువ. ప్రపంచ కప్పు వంటి పోటీలకు బరువు ఎక్కువ, స్నేహపూర్వక మ్యాచీలకు తక్కువ.

పాతదానికంటే ఇది మెరుగైన పద్ధతే. కాని ఇదీ జరిగిన ఆటల లెక్కే. కిందటేడు ఎన్ని బస్తాలు పండాయో చూసి ఈ ఏటి పంటకు బేరం పెట్టినట్టే ఉంటుంది. పైగా అందరికీ సమానమైన అవకాశమూ లేదు. 2019లో ప్రారంభమైన ప్రో లీగ్‌లో ఉన్న కొద్ది జట్లకు గట్టి జట్లతో తరచు మ్యాచీలు దొరుకుతాయి. బయట ఉన్నవారికి అవి దొరకడం కష్టం. పెద్దలతో ఆడితేనే ర్యాంకు పెరుగుతుంది. ర్యాంకు ఉంటేనే పెద్దలు ఆడటానికి పిలుస్తారు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదన్న సామెత దీనికి సరిపోతుంది.

పట్టిక తలకిందులైన సందర్భాలు

2018లో లండన్‌లో మహిళల ప్రపంచ కప్పు జరిగింది. పాల్గొన్న 16 జట్లలో ఐర్లండ్‌ది కింది నుంచి రెండో స్థానం. ప్రపంచంలో దాని ర్యాంకు 16. అమెరికాది 7, భారత్‌ది 10. ఐర్లండ్ అమ్మాయిలు మొదట అమెరికాను 3-1తో, తరువాత భారత్‌ను 1-0తో ఓడించారు. క్వార్టర్ ఫైనల్లో మళ్ళీ భారత్‌నే షూటౌట్‌లో గెలిచి, చివరకు ఫైనల్ చేరారు. అక్కడ నెదర్లాండ్స్ చేతిలో 6-0తో ఓడినా రజత పతకం వారిదే. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన గోల్‌కీపరు ఎతిమరపు రజని ఆ పోటీలలో భారత జట్టు సభ్యురాలు.

మూడేళ్ళకు మన అమ్మాయిల వంతు వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మనవాళ్ళు మొదటి మూడు మ్యాచీలూ ఓడిపోయారు. ఇక ఇంటికే అనుకున్నారు చాలామంది. క్వార్టర్ ఫైనల్లో ఎదురైనది ఆస్ట్రేలియా. గ్రూపులో ఆడిన అయిదు మ్యాచీలూ గెలిచి వచ్చిన జట్టు. గుర్జీత్ కౌర్ కొట్టిన ఒక్క గోలుతో ఆ జట్టు ఇంటిదారి పట్టింది.

ర్యాంకులు లేని రోజులలోనూ పేరును చూసి అంచనాలు కట్టేవారు. 1982 ప్రపంచ కప్పు, 1984 ఒలింపిక్ స్వర్ణం రెండూ పాకిస్తాన్‌వే. 1986లో లండన్ ప్రపంచ కప్పుకు వెళ్ళి 12 జట్లలో 11వ స్థానంలో నిలిచింది. ఆఖరి స్థానం మనది. ఆసియా హాకీకి ఉన్న పెద్ద పేరు అక్కడ అక్కరకు రాలేదు.

పేరుకు పెద్దపీట

లెక్క కట్టి ఇచ్చే ర్యాంకు సంగతి ఇలా ఉంటే, ఓట్లు వేసి ఇచ్చే ర్యాంకు సంగతి మరీ విచిత్రం. అమెరికా కాలేజీలలో మంచు మీద ఆడే హాకీ ఉంది. అక్కడ సీజను మొదలు కాకముందే కోచ్‌లు, విలేకరులు ఓట్లు వేసి జట్లకు వరుస కడతారు. ఓటు వేసేవారు అన్ని జట్లనూ చూసి ఉండరు. కాబట్టి కిందటేటి పేరు, పాత ప్రతిష్ఠ ముందుకు వస్తాయి. ఒకసారి పైన పెట్టిన జట్టు ఓడితే "ఏదో ఒకరోజు బాగా ఆడలేదు" అంటారు. కింద పెట్టిన జట్టు గెలిస్తే "గాలివాటం" అంటారు. ఒకే ఫలితానికి రెండు తూకపు రాళ్ళన్నమాట.

అయితే అక్కడ ఒక మంచి కట్టుబాటు ఉంది. చివరి టోర్నమెంటుకు 16 జట్లను తీసుకునేటప్పుడు ఆ ఓట్లను లెక్కచేయరు. ఆడిన మ్యాచీల ఫలితాలే చూస్తారు. 2013లో యేల్ జట్టు అలా ఆఖరి నిమిషంలో చోటు సంపాదించింది. ఫైనల్లో దానికి ఎదురైన క్విన్నిపియాక్ మొత్తం మీద మొదటి స్థానంలో ఉన్న జట్టు, ఆ సీజనులో యేల్‌ను మూడుసార్లు ఓడించిన జట్టు. యేల్ 4-0తో గెలిచి కప్పు పట్టుకుపోయింది.

మన పోటీల మాటేమిటి?

ఇదంతా దూరపు ముచ్చట కాదు. సంక్రాంతికి ఊళ్ళలో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలలోనూ ర్యాంకులు ఉన్నాయి, కాకపోతే కాగితం మీద ఉండవు. పేరున్న జట్టుకు "బై" ఇచ్చి నేరుగా పై రౌండుకు పంపుతారు. కొత్తగా వచ్చిన చిన్న ఊరి జట్టుకు మొదటి రోజే గట్టి జట్టు తగులుతుంది. ఒక్క ఆటతో పిల్లలు సామాను సర్దుకుంటారు. మంచి ఆటగాళ్ళను ఎంపిక చేసే పెద్దలు సెమీ ఫైనల్ నాటికి వస్తే, ఆ పిల్లలలో ఎంత ప్రతిభ ఉన్నా ఎవరి కంటా పడదు. నష్టపోయేది ఆ ఒక్క జట్టే కాదు, జిల్లా కూడా.

దీనికి ఖర్చులేని మార్గాలు ఉన్నాయి. ఎవరికైనా పైచోటు ఇవ్వదలిస్తే కిందటేడు అదే పోటీలో వచ్చిన ఫలితాన్ని బట్టి ఇవ్వాలి. ఆ నియమం ఏమిటో ఎంట్రీ ఫీజు తీసుకోకముందే చెప్పాలి. మిగిలిన జట్లకు అందరు కెప్టెన్ల ఎదుట చీట్లు తీయాలి. వీలుంటే జట్లను గ్రూపులుగా చేసి, ప్రతి జట్టుకూ కనీసం రెండు ఆటలు దొరికేలా చూడాలి. ఎంపిక చేసేవారు మొదటి రోజు నుంచే మైదానంలో ఉండాలి.

ర్యాంకులు అసలే వద్దనడం సబబు కాదు. గట్టి జట్లన్నీ ఒకే గ్రూపులో పడకుండా చూడటానికి ఏదో ఒక లెక్క కావలసిందే. ఆ లెక్క ఎలా కట్టారో నలుగురికీ తెలియాలి, అందరికీ ఒకేలా వర్తించాలి. మన పల్లెల నుంచి మరో రజని రావాలంటే ముందు ఆమె ఆట ఎవరైనా చూడాలి కదా! డ్రిల్లు మాస్టార్లు, యువజన సంఘాలవారు, జిల్లా క్రీడాధికారులు రాబోయే పోటీలకు జట్లను జతపరిచే ముందే ఈ విషయం ఆలోచించడం మంచిది.