బట్టీ జోలికే వెళ్లలేదు.. సున్నపురాయి పెంచారంతే!

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఎప్పుడైనా గమనించారా? పై ప్లేటులోవి ఒకలా ఉంటాయి, అడుగు ప్లేటులోవి ఇంకోలా ఉంటాయి. పిండి ఒకటే, టైమూ ఒకటే. ఆవిరి మాత్రం అన్నిటికీ ఒకేలా తగలదు. ఇంట్లో అయితే సర్దుకుని తినేస్తాం. అదే టైల్స్ ఫ్యాక్టరీలో జరిగితే?

1953లో జపాన్‌లోని ఇనా సెయిటో అనే టైల్స్ కంపెనీకి ఇదే తలనొప్పి వచ్చింది. వాళ్లది సొరంగంలాంటి పొడవాటి బట్టీ. బండి మీద దొంతరలుగా పేర్చిన పచ్చి టైల్స్ ఒకవైపు నుంచి లోపలికెళ్లి, కాలి, రెండోవైపు బయటికొస్తాయి. దొంతరలో బయటి వరసలకు తగిలే వేడి వేరు, మధ్యలో ఉన్నవాటికి తగిలే వేడి వేరు. దాంతో సైజుల్లో తేడాలొచ్చేవి. గోడకు అంటిస్తే గీత కలవని టైల్ ఎవరు కొంటారు చెప్పండి?

కారణం అందరికీ తెలుసు.. వేడి. కానీ లోపలంతా ఒకే వేడి ఉండేలా బట్టీని మార్చాలంటే బోలెడు ఖర్చు. పోనీ ఒక్కో టైల్ కొలిచి, తేడా ఉన్నవి పక్కన పడేద్దామా అంటే, వాటికి పెట్టిన మట్టీ మంటా కూలీ అన్నీ దండగ. మన దగ్గర చాలా ఫ్యాక్టరీల్లో 'క్వాలిటీ' అంటే ఇప్పటికీ ఈ రెండో పనే. రిజెక్షన్ పెరిగితే ఆ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాళ్లకు తిట్లు పడతాయి. బట్టీలో వేడి సమంగా లేకపోతే వాళ్లేం చేస్తారు పాపం!

ఇనా ఇంజినీర్లు ప్రశ్ననే తిప్పి అడిగారు. వేడి ఎలా ఉందో అలాగే ఉండనిద్దాం. ఆ తేడా టైల్ మీద కనపడకుండా మట్టి మిశ్రమాన్ని మార్చగలమా?

మార్చి చూడదగ్గవి ఏడు తేలాయి. సున్నపురాయి ఎంత, కలిపే పొడి ఎంత మెత్తగా ఉండాలి, అగల్మటోలైట్ అనే ఖనిజం ఎంత, అది ఏ రకం, ఒక విడతకు ముడిసరుకు ఎంత, మళ్లీ కలిపే తుక్కు ఎంత, ఫెల్డ్‌స్పార్ ఎంత. ఒక్కోదానికి రెండేసి ఆప్షన్లు పెట్టుకున్నారు. అన్ని కాంబినేషన్లూ ప్రయత్నించాలంటే 128 సార్లు కాల్చాలి. వాళ్లు కాల్చింది 8 సార్లే!

ఇక్కడ కాస్త ఆగి చదవండి, అసలు కిటుకు ఇదే. ఆ 8 బ్యాచ్‌లు ఇష్టమొచ్చినట్టు ఎంచుకున్నవి కావు. సున్నపురాయి నాలుగింట్లో ఎక్కువ, నాలుగింట్లో తక్కువ. ఎక్కువ వేసిన నాలుగు తీసుకుంటే, వాటిలో ఫెల్డ్‌స్పార్ రెండింట్లో ఎక్కువ, రెండింట్లో తక్కువ. తక్కువ వేసిన నాలుగింట్లోనూ అంతే. మిగతా ఐదింటిదీ ఇదే లెక్క. కాబట్టి ఆ నాలుగు బ్యాచ్‌ల సగటును ఈ నాలుగింటి సగటుతో పోలిస్తే, మిగతావాటి ప్రభావం రెండువైపులా సమానమై కొట్టుకుపోతుంది. మిగిలేది సున్నపురాయి సంగతే.

'ఒక్కోటి మార్చుకుంటూ పోయినా 8 సార్లే కదా' అని మీకు అనిపించొచ్చు. నిజమే. కానీ అలా చేస్తే ఒక్కో నిర్ణయం రెండే బ్యాచ్‌ల మీద ఆధారపడుతుంది. ఈ పద్ధతిలో ప్రతి నిర్ణయం వెనకా ఎనిమిది బ్యాచ్‌లూ ఉంటాయి.

ఇంతకీ ఏం తేలింది? సున్నపురాయిని 1 శాతం నుంచి 5 శాతానికి పెంచితే సైజు తేడాలు బాగా తగ్గిపోయాయి. ఆ మిశ్రమంలో చవకైనది కూడా అదే. బట్టీని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ పద్ధతిని ప్రపంచానికి చాటినాయన గెనిచి తగుచి. అందుకే 'తగుచి మెథడ్' అన్న పేరు పడిపోయింది. అయితే ఇలాంటి పట్టికలను 'ఆర్థోగోనల్ అరేస్'గా 1947లో సిద్ధాంతీకరించింది మన సి.ఆర్.రావు. కల్యంపూడి రాధాకృష్ణారావు తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1954-55లో తగుచి కూడా ఆ సంస్థకు వచ్చి పనిచేశారు. గచ్చిబౌలి వైపు ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్డు మీద రోజూ ఆఫీసులకు వెళ్లేవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో! 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నదీ ఆ ఏడాదే.

టైల్స్ దగ్గరే ఆగలేదు. 1980లో తగుచి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు వెళ్లారు. అక్కడ చిప్‌ల మీద కిటికీల్లాంటి అతి చిన్న రంధ్రాలు చేసే దశలో సైజులు కుదిరేవి కావు. 18 ప్రయోగాలతో ఆ తేడాల వేరియన్స్‌ను నాలుగో వంతుకు దించారు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లాంటివన్నీ నడిచేది చిప్‌ల మీదే కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

అలాగని ఇది మంత్రమనుకోకండి. రెండు పదార్థాలు కలిసినప్పుడు మాత్రమే కనిపించే ప్రభావాలు కొన్ని ఉంటాయి. ఏడింటినీ 8 బ్యాచ్‌ల్లో ఇరికిస్తే, అలాంటి ప్రభావం వేరే పదార్థం ఖాతాలో పడిపోవచ్చు. జార్జ్ బాక్స్ లాంటి పెద్ద స్టాటిస్టీషియన్లు తగుచిని విమర్శించిందీ ఇలాంటి విషయాల్లోనే. అందుకే పట్టిక చెప్పిన బెస్ట్ రెసిపీతో ఇంకో బ్యాచ్ కాల్చి చూడాలి. డెడ్‌లైన్ ముంచుకొస్తే ముందు ఎగరగొట్టేది ఆ తొమ్మిదో బ్యాచ్‌నే. ఇంటర్న్‌షిప్‌కో, క్యూసీ ఉద్యోగానికో వెళ్లినప్పుడు రిపోర్టులో అది ఉందో లేదో అడగండి. కొత్తవాళ్లు అడిగినా తప్పులేని ప్రశ్నే అది.