సీసా యూరియా బస్తాకు బదులవుతుందా?

హుజూర్‌నగర్: 2025 వానాకాలంలో యూరియా కోసం రాష్ట్ర రైతులు సహకార సంఘాల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవారకముందే కాచుకున్నారు. బస్తా కావాలంటే నానో యూరియా సీసా కూడా కొనాలని దుకాణాల్లో అంటగడుతున్నారన్న ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. దీన్ని ఆపించాలని ఆ జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ ముఖ్యమంత్రులకు లేఖ వ్రాయవలసి వచ్చింది.

అంటగట్టిన సంగతి అట్లా వుంచి, సాగర్ ఎడమకాలువ క్రింద వరి వేసే రైతుకు తేలవలసిన ప్రశ్న వేరు. సీసా కొట్టి బస్తా మానేయవచ్చునా?

ఇఫ్కో సంస్థ ఈ ద్రవ ఎరువును 2021లో విడుదల చేసింది. గుజరాత్‌లోని కలోల్‌లో దీని ఫ్యాక్టరీని 2022 మే 28న ప్రధాని ప్రారంభించారు. అర లీటరు సీసా ఒక బస్తాకు సమానమన్నది అప్పటి ప్రచారం. ఇందులోని కణాలు 20 నుంచి 50 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. అంత సన్ననివి కనుక ఆకు రంధ్రాల గుండా నేరుగా లోపలికి పోతాయని, చల్లిన యూరియాలాగా నీటికీ గాలికీ పోవని సంస్థ వాదన.

ఇక లెక్క చూద్దాం. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అనగా 20 కిలోల 700 గ్రాములు. మొదట వచ్చిన సీసాలో 4 శాతం, అనగా 20 గ్రాములు! తేడా వెయ్యి రెట్లు. చల్లిన యూరియాలో సగం వృథా అయినా పది కిలోలు పైరుకు దక్కుతుంది గదా. 2024లో వచ్చిన ‘ప్లస్’ రకంలో నత్రజనిని 20 శాతానికి పెంచారు. అయినా సీసాకు 100 గ్రాములే. వరికి ఎకరాకు కావలసింది సుమారు 40 కిలోలు.

94 పంటలపై, 11 వేల పొలాల్లో పరీక్షించగా దిగుబడి సగటున 8 శాతం పెరిగిందని ఇఫ్కో చెబుతున్నది. కాగా లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ళు పొలంలో చూడగా వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయి. గింజలో మాంసకృత్తులు కూడా తగ్గాయి. ఎకరాకు 25 బస్తాలు పండించే కౌలుదారుకు 13 శాతమంటే మూడు బస్తాలకు పైమాటే. కౌలు మాత్రం తగ్గదు.

అట్లాగని సీసా మందు బొత్తిగా పనికిరాదనలేము. అది పైపాటు మందు, అంతే. దుబ్బు కట్టేటప్పుడు, అంకురం దశలో వేసే యూరియాను దాన్ని నమ్మి మానుకోరాదు. వాడదలచినవారు సీసాను బాగా కుదిపి, లీటరు నీటికి 2 నుంచి 4 మిల్లీలీటర్లు కలిపి, ఆకు బాగా తడిసేటట్లు ఉదయంగానీ సాయంత్రంగానీ కొట్టాలి. పన్నెండు గంటల్లోపు వానపడితే మళ్ళీ కొట్టవలసిందే. రాయితీ బస్తా సుమారు 266 రూపాయలు, మొదటి రకం సీసా 225. సీసాకు పిచికారీ కూలి అదనం.

యూరియా నిజంగా తగ్గించదలచినవారికి జీలుగ, పిల్లిపెసర దున్నే పద్ధతి వుండనే వుంది. ఆకు రంగుల పట్టిక చూసి అవసరమైనప్పుడే చల్లుకుంటే వృథా తగ్గుతుంది. నానోను పరీక్షించాలనుకుంటే ఒక్క మడిలో కొట్టి, ప్రక్కమడి వదిలి, రెండింటి ధాన్యం విడివిడిగా తూకం వేసుకోవచ్చును. సీసా కొంటేనే బస్తా అన్న దుకాణంపై మండల వ్యవసాయాధికారికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చును.