చాలు అనడం తెలిసిన యంత్రం

రండర్రా, ఇలా అరుగు మీద సర్దుకుని కూర్చోండి. షేర్లు కొని అమ్మే కంప్యూటర్ల గురించి చెప్పమని నిన్నటి నుంచి నా ప్రాణం తీస్తున్నారుగా, చెబుతా. డబ్బు సంపాదించే కిటుకు మాత్రం అడక్కండి. యంత్రానికి పని అప్పగించేముందు ఎంత జాగ్రత్త పడాలి, అప్పగించాక ఎలా కనిపెట్టుకుని ఉండాలి, అదీ ఇవాళ్టి కబురు. ఫ్యాక్టరీల్లో దీన్నే క్వాలిటీ అంటారు. నాకు మహా ఇష్టమైన సంగతి.

ఒకప్పుడు షేర్ బజారంటే మనుషుల అరుపులు, కేకలు. ఇప్పుడు ఆ బేరాల్లో చాలా భాగం కంప్యూటర్లవే. ‘ధర ఇంతకి దిగితే కొను, అంతకి పెరిగితే అమ్ము’ అని ఎవరో ముందుగా రాసిపెడతారు, కంప్యూటరు కన్ను మూసి తెరిచేలోగా వందల ఆర్డర్లు పంపేస్తుంది. అంత వేగంగా పనిచేసేదాంట్లో ఒక్క తప్పుంటే ఆ తప్పు కూడా అంత వేగంగానే జరుగుతుంది కదా! దీనికి అచ్చంగా జరిగిన కథ ఒకటుంది.

అమెరికాలో న్యూయార్క్‌కి నది అవతల జెర్సీ సిటీ. అక్కడ నైట్ క్యాపిటల్ అని షేర్ల బేరాల్లో పేరున్న సంస్థ. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చిన్న మదుపుదారుల కోసం కొత్త పద్ధతి ఒకటి మొదలైంది. అందుకని నైట్ వాళ్లు తమ ప్రోగ్రాములో కొత్త భాగం రాసుకుని, ఎనిమిది సర్వర్లలో ఎక్కించడానికి పూనుకున్నారు. ఏడింటిలో ఎక్కించారు. ఎనిమిదోది మిగిలిపోయింది. రెండో మనిషి ఎవరూ సరిచూడలేదు. సరిచూడాలని రాసిపెట్టుకున్న నియమమూ లేదు.

మీకు బోధపడేలా చెబుతా. పెళ్లిలో బంతి సాగుతోందనుకోండి, ఎనిమిది మంది వడ్డిస్తున్నారు. వెనకటికి పెద్దాయన కండువా ఊపితే పులిహోర వడ్డించమని గుర్తు. ఆ అలవాటు ఏళ్ల కిందటే పోయింది. ఈ పెళ్లిలో అదే కండువా ఊపితే మజ్జిగ పొయ్యమని ఏడుగురికి చెప్పి, ఎనిమిదోవాడి సంగతి మరిచిపోయారు. కండువా ఊగింది. ఏడుగురూ మజ్జిగ చెంబులు ఎత్తారు, ఎనిమిదోవాడు పులిహోర గంప ఎత్తాడు. పోనీ విస్తరి నిండాకైనా ఆగుతాడా అంటే, ‘ఈయనకి చాలు’ అని చూసి చెప్పే మనిషిని ఎప్పుడో వేరే మూలకి మార్చేశారు. ఆ కేక వీడి చెవిన పడదు. వడ్డిస్తూనే ఉన్నాడు.

నైట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఎనిమిదో సర్వర్లో పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాము పడుంది. 2003లోనే దాని వాడకం ఆపేశారు గానీ తీసెయ్యలేదు. పెద్ద ఆర్డరుని తల్లి ఆర్డరంటారు, దాన్ని ముక్కలు చేసి పంపే చిన్నవాటిని పిల్ల ఆర్డర్లంటారు. తల్లి ఆర్డరు పూర్తయిందా లేదా అని లెక్కపెట్టే భాగాన్ని 2005లో మరో చోటికి జరిపారు. జరిపాక పవర్ పెగ్ ఇంకా సరిగ్గా ఆగుతోందా అని ఎవరూ పరీక్షించలేదు. పైగా దాన్ని లేపడానికి ఒకప్పుడు వాడిన గుర్తునే కొత్త భాగానికీ వాడారు. తొమ్మిదిన్నరకి బజారు తెరిచారు, ఏళ్లుగా నిద్రపోతున్నది లేచి కూర్చుంది.

212 తల్లి ఆర్డర్లు లోపలికి వెళ్తే, 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా బేరాలు బయటికొచ్చాయి. 154 కంపెనీల షేర్లు, మొత్తం 39.7 కోట్లు! ఏదో తేడాగా ఉందని గాభరాపడి, కొత్త భాగమే చెడ్డదనుకుని, బాగున్న ఏడు సర్వర్లలోంచి దాన్ని తీసేశారు. దాంతో వాటిల్లోని పాత పవర్ పెగ్ కూడా లేచింది, మిగతా ఏడుగురి చేతికీ పులిహోర గంపలు అందించినట్టయింది. చివరికి తేలిన నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటి మన డబ్బులో దాదాపు 2,500 కోట్ల రూపాయలు. మరుసటి ఏడాది ఆ సంస్థ ఇంకో కంపెనీలో కలిసిపోయింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఇందులో నా మనసుని పట్టేసే ముక్క ఇంకోటుంది. ఆ పొద్దున ఎనిమిది దాటగానే, అంటే బజారు తెరవడానికి గంటన్నర ముందు నుంచే, ఆ కంప్యూటర్లు పవర్ పెగ్ పేరెత్తి తప్పుందని సిబ్బందికి ఈమెయిళ్లు పంపాయి. 97 వెళ్లాయి. కానీ అవి హెచ్చరికలని ఎవరూ అనుకోలేదు, చూసే అలవాటూ లేదు. ఉత్తరం రాసిపెట్టి యంత్రం మళ్లీ తన పనిలో పడిపోతే ఏం లాభం? దానంతట అది ఆగాలి.

ఆగే యంత్రమంటే నాకు జపాన్ మగ్గం గుర్తొస్తుంది. సకిచి టొయోడా అని ఒకాయన, వడ్రంగి కొడుకు. వాళ్ల ఊళ్లో అమ్మలు మగ్గం మీద పడే కష్టం చూసి మగ్గాల మీదే జీవితమంతా పెట్టాడు. మన మంగళగిరిలో నేతగాడు పోగు తెగితే చేత్తో ఆపి అతుకుతాడు. మరమగ్గానికి కళ్లు లేవు కాబట్టి పోగు తెగినా గజాలకి గజాలు పాడుగుడ్డ నేసేస్తుంది. 1924లో టొయోడా తయారుచేసిన మగ్గం పడుగు తెగినా, పేక తెగినా టక్కున ఆగేది. దాంతో ఒక్క మనిషే బోలెడు మగ్గాలు చూసుకోగలిగాడు. ఆయన కొడుకు పెట్టిందే టొయోటా కార్ల కంపెనీ. ఆ ఫ్యాక్టరీల్లో తప్పు కనబడితే ఏ కార్మికుడైనా తాడు లాగి వరసని ఆపించొచ్చు. షేర్ల యంత్రాలకీ ఇప్పుడు ఇలాంటి ఏర్పాట్లున్నాయి: రోజుకి ఇంత మించి నష్టం రాకూడదు, నిమిషానికి ఇన్ని ఆర్డర్లు దాటకూడదు, దాటితే తలుపు మూసెయ్! మన దగ్గర మామూలు మదుపుదారులు వాడే ఇలాంటి ప్రోగ్రాముల్ని ఎక్స్ఛేంజిలో నమోదు చేయించాలనీ, ఒక్కోదానికీ ఒక గుర్తు సంఖ్య ఉండాలనీ షేర్ బజార్లని కనిపెట్టుకుని ఉండే సెబీ 2025లో చెప్పింది. మంచి పని. ఏ ఆర్డరు ఎవరి బిడ్డో తెలుస్తుంది.

మరి ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది? సరిగ్గా అదే 1924లో, అమెరికాలో టెలిఫోను సామాన్లు చేసే కంపెనీలో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన ఒక్క కాగితం మీద దారి చూపించాడు. నడిమి గీత ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. రోజూ వచ్చే కొలతలు పైకీ కిందకీ ఊగుతాయి, అది సహజం. ఊగినప్పుడల్లా మరలు తిప్పితే ఉన్నది కూడా చెడుతుంది. హద్దుగీత దాటితే మాత్రం ఆగి కారణం వెతకాలి. చికాగోకి చెందిన కుమీగా, వాన్ వ్లీట్ అనే ఇద్దరు 2008లో ఈ ఫ్యాక్టరీ విద్యనంతా షేర్ల ప్రోగ్రాములకి ఎలా వాడాలో ఏకంగా పుస్తకమే రాశారు. ఇక్కడ ఒక తమాషా చూడండి. నష్టం కింది గీత దాటితే అందరూ లేచి నిలబడతారు. లాభం పై గీత దాటినా లేచి నిలబడాలి! అనుకోనంత లాభం వచ్చిందంటే యంత్రం మనం చెప్పనిదేదో చేస్తోందన్నమాట. ఇవాళ ఇచ్చిన ఆ చెయ్యే రేపు లాక్కుంటుంది. అయితే బోల్టుల ఫ్యాక్టరీలో ఇనుము ఇవాళా రేపూ ఒకటే, బజారు అలా కాదు, దాని నడకే మారిపోతుంటుంది. అందుకే గీతల్ని కూడా అప్పుడప్పుడూ కొత్తగా గీసుకోవాలి.

షూహార్ట్ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో, 1947-48లో, మన దేశానికొచ్చాడు. పిలిచింది కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్. అంతకు కొన్నేళ్ల ముందే అక్కడ చేరిన తెలుగు కుర్రాడు ఒకడున్నాడు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి వెళ్లిన సి.ఆర్. రావు. నూట రెండేళ్లు బతికి 2023లో వెళ్లిపోయిన మహానుభావుడు. ఆయన 1940ల్లో కనిపెట్టిన ఒక పట్టిక ఇవాళ ప్రోగ్రాముల పరీక్షకి పనికొస్తోంది. అదెలాగో చెప్పకుండా మిమ్మల్ని లేవనివ్వను.

మన షేర్ల ప్రోగ్రాముని పరీక్షించాలి. బజారు మూడు రకాలు: పెరిగేది, తగ్గేది, నిలకడది. ఆర్డరు మూడు రకాలు: చిన్నది, మధ్యస్థం, పెద్దది. ఇంటర్నెట్టు: చురుగ్గా, మెల్లగా, తెగిపోయి. వేళ: తెరిచేటప్పుడు, మధ్యాహ్నం, మూసేటప్పుడు. అన్నీ కలిపితే ఎన్ని? మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు, ఇంకో మూడు పెడితే 81. రావుగారి పట్టికతో తొమ్మిది పరీక్షలు చాలు, ఏ రెండింటి జోడీ తీసుకున్నా ఒకసారి తప్పకుండా తగులుతుంది. మూడు కలిస్తేనే బయటపడే తప్పు జారిపోవచ్చు, నిజమే. జోడీలో దాక్కున్నది మాత్రం దొరికిపోతుంది.

బుజ్జీ, ఆ పలక ఇటు తే. ఒకదాని కింద ఒకటి రాసుకో: 1111, 1222, 1333. వాటి కింద 2123, 2231, 2312. ఇంకా కింద 3132, 3213, 3321. మొదటి అంకె బజారు, రెండోది ఆర్డరు, మూడోది ఇంటర్నెట్టు, నాలుగోది వేళ. 1, 2, 3 అంటే ఇందాక చెప్పిన మూడేసి రకాలు, అదే క్రమంలో. ఇప్పుడు మీ ఇష్టమొచ్చిన రెండు నిలువు వరసలు పట్టుకోండి, 11 నుంచి 33 దాకా తొమ్మిది జోడీలూ ఒక్కోసారి కనిపిస్తాయో లేదో వెతకండి. చిన్నాడు మూడూ నాలుగూ పట్టుకున్నాడు, చూద్దాం. పెద్ద ఆర్డరు పెట్టాక ఇంటర్నెట్టు తెగిపోయే వరస ఏదో ముందు ఎవరు పట్టుకుంటారో వాళ్లు వచ్చి నాకు చెప్పండి.