పేకముక్కల గారడీలో కథ పని

ప్రేక్షకుడి కళ్లెదుటే, బల్ల మీద చేసి చూపే పేకముక్కల ఇంద్రజాలంలో హస్తలాఘవం, అంటే చేతి వేళ్ల నేర్పు, ఎంత అవసరమో, ప్రతి కదలికకూ కారణం చూపే కథ కూడా అంతే అవసరం. నలుగురు దొంగల కథతో చేసే పాత గారడీలో నాలుగు జాకీలను విసనకర్రలా విప్పి చూపి, చివరి జాకీ వెనుక దాచిన మూడు మామూలు ముక్కలతో సహా వాటిని బోర్లించి కట్టపై పెడతారు. కట్ట మేడ అవుతుంది, జాకీలు పైకప్పు మీద దిగిన దొంగలవుతాయి. దొంగలు ఒక్కో అంతస్తులోకి దిగారంటూ పైనున్న మూడు ముక్కలను, ముఖం చూపకుండా, కట్టలో వేర్వేరు చోట్ల దూర్చి, కాపలా దొంగగా మిగిలిన నాలుగో ముక్కను మాత్రం ధైర్యంగా తిప్పి చూపుతారు. పోలీసులొచ్చారని కట్టను వేలితో తట్టగానే నలుగురూ పైకప్పు మీద ప్రత్యక్షమవుతారు. అసలు మోసం కథ మొదలవకముందే ముగిసిపోవడం ఇందులోని గొప్ప తెలివి. ముక్కలను ఎందుకు దూరుస్తున్నారన్న అనుమానాన్ని కథే తీర్చేస్తుంది గనుక, దొంగల పేర్లూ ఊర్లూ వర్ణిస్తూ దాన్ని సాగదీయడం దండగ.