మీకు తెలుసా? మందిరము కట్టించిన గాయనికే వేదిక లేదు

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిపై నేడు మనము దర్శించు మందిరమును తన సొంత ధనముతో కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకు, స్త్రీ యైన కారణమున, ఆ స్వామి ఆరాధనోత్సవ వేదికపై పాడుటకు తొలుత అనుమతి లభింపలేదు.

1878లో జన్మించి, మదరాసున కచేరీలతోను హరికథలతోను విశేషముగ ధనకీర్తుల నార్జించిన ఆ విదుషీమణి, 1847లో సిద్ధిపొందిన ఆ మహావాగ్గేయకారుని సమాధి కావేరీతీరమున ఆదరణలేక శిథిలమగుచున్నదని విని, స్థలము సంపాదించి, 1921లో మందిరనిర్మాణమునకు పూనుకొనెను.

నాడు ఉత్సవమును వేరువేరుగ నడుపుచుండిన రెండు పక్షములవారును స్త్రీలను గానమునకు రానీయకుండుటచే, ఆమె 1920ల చివరి భాగమున, దేవదాసీ కుటుంబములకు చెందిన గాయనీమణులను సమీకరించి, స్వామి సన్నిధికి వెనుకభాగముననే స్త్రీల ఆరాధనను మూడవ ఉత్సవముగ నెలకొల్పెను. కళాకారులను రావించుట, వేదిక నమర్చుట, వ్యయమును భరించుట అను కచేరీ నిర్వాహకుల బాధ్యతలన్నియు ఒక స్త్రీ తన భుజములపై వహించిన అరుదైన ఘట్టమిది.

1940 ప్రాంతమున మూడు పక్షములును ఏకమై స్త్రీలకు ప్రధానవేదికపై స్థానము కల్పించినవి. 1952లో ఆమె పరమపదింపగా, స్వామి సన్నిధి కెదురుగనే ఆమెకును సమాధి నిర్మించిరి. నేడు ఏటేట పుష్యబహుళ పంచమినాడు స్త్రీపురుషులు ఒకే పందిరి క్రింద పంచరత్న కృతులను గానము చేయుచున్నారన్న, అందు నాగరత్నమ్మ పట్టుదలకు గల పాత్ర చిరస్మరణీయము.