కొట్టములోనూ ఇంటిలోనూ ఒకే మందు

రైతు కుటుంబాలకు బాగా పరిచయమైన మందులలో టెట్రాసైక్లిన్ జాతి మందులు ముందుంటాయి. బర్రెకు జ్వరము వచ్చినప్పుడు పశువుల డాక్టరుగారు వేసే పసుపుపచ్చని ఇంజెక్షను చాలాసార్లు ఆక్సీటెట్రాసైక్లిన్. కోడిపిల్లల నీళ్లలో కలిపే పసుపు పొడి కూడా తరచుగా అదే. ఇంటి యజమాని జ్వరముతో పడుకుంటే పెద్దాసుపత్రిలో వ్రాసే డాక్సీసైక్లిన్ కాప్సూలు దాని తోబుట్టువే. పేర్లు వేరు, ధరలు వేరు, అట్టమీది బొమ్మలు వేరు. లోపలి మందు మాత్రం ఒకే ఇంటిది.

ఈ సంగతి కొంత తెలిసినవారు "గేదెకు పనిచేసినది మనిషికి పనిచేయదా?" అంటారు. సీసాలో మిగిలిన మందును వృధా చేయడం ఎందుకని మరొక పశువుకు వేస్తారు. పిల్లవాడికి విరేచనాలైతే తండ్రి వాడగా మిగిలిన కాప్సూలు సగము చేసి తేనెలో రంగరించి ఇస్తారు. ఇది మంచి మందు కాదని మేము చెప్పబోవడం లేదు. ఇది ఎన్నో ప్రాణాలను కాపాడిన మందు. అయితే దీని స్వభావము ఇంటిలో తల్లికి, కొట్టములో పాలు పితికేవారికి తెలిసి ఉండాలి.

మన జిల్లాల బిడ్డడు, మిస్సోరి మట్టి

ఈ మందు పుట్టుకలో తెలుగువారికి భాగము ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి అమెరికా వెళ్లారు. 1940 తరువాత అక్కడి లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలో మందు వెదకే పనిలో పడ్డారు. డగ్గర్‌గారికి అప్పటికే డెబ్బై ఏండ్లు దాటాయి, విశ్వవిద్యాలయ ఉద్యోగము నుండి విరమించి వచ్చారు. అనేక చోట్ల నుండి మట్టి తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టిలో బంగారు రంగు గల ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుండి తీసిన మందుకు ఆ రంగును బట్టి ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948లో లోకానికి ప్రకటించారు. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటి బిడ్డ. 1950లో ఆక్సీటెట్రాసైక్లిన్ వచ్చింది, 1967లో డాక్సీసైక్లిన్ వచ్చింది.

మట్టిలోని ఒక సూక్ష్మజీవి తన చుట్టూ ఉన్న ఇతర సూక్ష్మజీవులను అణచుకొనుటకు తయారుచేసుకున్న ఆయుధము ఇది. రోగక్రిమి బ్రతకాలన్నా పెరగాలన్నా మాంసకృత్తులు తయారుచేసుకోవాలి. ఈ మందు క్రిమి లోపలికి పోయి ఆ తయారీని ఆపివేస్తుంది. క్రిమి వెంటనే చావదు, పెరగక నిలిచిపోతుంది. మిగిలిన పని మన ఒంటిలోని రోగనిరోధక శక్తి చేయాలి. కాబట్టి రెండు రోజులకు జ్వరము తగ్గిందని మందు మానివేస్తే, నిలిచిపోయిన క్రిములు మళ్లీ లేచే అవకాశము ఉన్నది.

వైరస్‌లకు ఆ తయారీ యంత్రము సొంతముగా లేదు. కాబట్టి జలుబు, డెంగీ వంటి వాటిపై ఈ మందు పనిచేయదు. పశువులలో గాలికుంటు, ముద్దచర్మ వ్యాధి, గొర్రెలలో పారుడు రోగము, కోళ్లలో కొక్కెర తెగులు, ఇవన్నీ వైరస్ వలన వచ్చేవే. గాలికుంటులో పుండ్లకు వేరే క్రిములు పడితే డాక్టరుగారు ఒక యాంటీబయాటిక్ వేయవచ్చు, అది వేరు సంగతి. అసలు రోగానికి మాత్రం ముందుగా వేయించే టీకా తప్ప ఈ సూది దారి చూపదు.

పనికి వచ్చే చోట

మనుషులలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరము ఉన్నది. పొదలలో, గట్ల మీది గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టడము వలన వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పొక్కు కట్టిన పుండు కొందరికి కనబడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి చంకలోనో గజ్జలోనో ఉన్నా ఎవరూ గమనించరు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణము మీదికి వస్తుంది. సమయానికి డాక్సీసైక్లిన్ పడితే చాలామందిలో రెండు రోజులలోనే జ్వరము దిగుతుంది. పొలము పనికి వెళ్లేవారు వారము రోజుల జ్వరముతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒంటిమీద అటువంటి మచ్చ ఉన్నదేమో ఇంటివారు చూసి డాక్టరుగారికి చెప్పడము ఎంతో మేలు. ఎలుకల మూత్రము కలిసిన బురదనీటి వలన వచ్చే లెప్టోస్పైరోసిస్‌లో, కలరాలో కూడా ఈ మందు వాడతారు.

పశువు నుండి మనిషికి వచ్చే బ్రూసెల్లోసిస్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఆవు గాని గేదె గాని అయిదు నెలలు దాటిన తరువాత ఈడ్చుకుపోతే చాలా ఇళ్లలో దిష్టి తగిలిందనుకొని ఊరుకుంటారు. ఆ పడిన దూడలో, మాయలో, ఆ స్రావాలలో లెక్కలేనన్ని క్రిములు ఉండవచ్చు. వట్టి చేతులతో మాయ లాగినవారికి, పచ్చిపాలు త్రాగినవారికి అవి సోకుతాయి. వచ్చిపోయే జ్వరము, రాత్రి చెమటలు, నడుము కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. దానికి డాక్సీసైక్లిన్‌ను మరొక మందుతో కలిపి ఆరు వారాలు వాడాలి. ఆరు వారాలంటే ఆరు వారాలే. మధ్యలో ఆపితే రోగము తిరగబెడుతుంది. ఇక పశువుకు మందుతో నయము చేయడం సాధ్యము కాదని భావించి, పెయ్యదూడలకు నాలుగు నుండి ఎనిమిది నెలల వయసులో టీకా వేస్తారు. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పశువ్యాధుల నివారణ పథకములో గాలికుంటు టీకాతోపాటు ఈ టీకా కూడా ఉన్నది. పెయ్యలున్న ఇంటివారు అడిగి వేయించుకోవాలి.

పశువులలో గొంతువాపు, ఊపిరితిత్తుల జబ్బు, గిట్టలు కుళ్లి కుంటడము, గోమార్ల ద్వారా వచ్చే రక్తపు జబ్బులలో అనాప్లాస్మా, వీటన్నిటికీ ఆక్సీటెట్రాసైక్లిన్ ఉపయోగపడుతుంది. మంచి మందు, ధర కూడా అందుబాటులో ఉంటుంది.

చేసే హాని

అన్నిటికంటె ముందు పిల్లల పళ్లు. ఈ మందుకు సున్నపు ధాతువు, అనగా కాల్షియం, అంటే వల్లమాలిన పొత్తు. పన్ను తయారవుతున్న కాలములో ఒంటిలో పడితే అది కాల్షియంతో కలిసి పంటిలోనే స్థిరపడుతుంది. తరువాత ఆ పన్ను పసుపుగానో గోధుమరంగుగానో బూడిదరంగుగానో వస్తుంది. ఎంత తోమినా పోదు, అది పైన పట్టిన మరక కాదు గనుక. ఆడపిల్ల నవ్వడానికి సిగ్గుపడి చేయి అడ్డము పెట్టుకొనే పరిస్థితికి కారణము పసితనములో ఎవరో ఇచ్చిన నాలుగు కాప్సూళ్లు కావచ్చు. గర్భము నాలుగు నెలలు దాటినది మొదలు బిడ్డకు ఎనిమిదేండ్లు నిండే వరకు ఈ ప్రమాదము ఉంటుంది. కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు తమంతట తాము దీనిని ముట్టకూడదు. ఇందులో ఒక మినహాయింపు ఉన్నది. డాక్సీసైక్లిన్ కాల్షియంతో అంతగా కలవదు. స్క్రబ్ టైఫస్ వంటి ప్రాణాపాయమున్న జ్వరములో కొద్దిరోజులకు దానిని పిల్లలకు కూడా డాక్టర్లు ఇస్తున్నారు. డాక్టరు అలా ఇచ్చినప్పుడు పళ్లకు భయపడి మందు దాచిపెట్టడము మంచిది కాదు.

ఆ కాల్షియం పొత్తు వలన మరొక చిక్కు వస్తుంది. కాప్సూలు వేసుకొని పైన గ్లాసెడు పాలు త్రాగితే "బలము" అనుకుంటారు. టెట్రాసైక్లిన్ ఆ పాలలోని కాల్షియంతో కలిసి ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. ఐరన్ మాత్రలు, కడుపుమంటకు వాడే తెల్లని మందు కూడా ఇదే పని చేస్తాయి. వీటికి, కాప్సూలుకు మధ్య రెండు మూడు గంటలు ఎడము ఉండాలి.

కాప్సూలును గుక్కెడు నీటితో మ్రింగి వెంటనే పడుకునేవారు ఉన్నారు. అది అన్నవాహికలో అంటుకొని కరిగితే అక్కడ పుండు పడుతుంది. మూడు నాలుగు రోజులు లాలాజలము మ్రింగినా రొమ్ములో కత్తితో పొడిచినట్టు ఉంటుంది. పెద్ద గ్లాసు నిండా నీరు త్రాగి, అరగంటైనా కూర్చొని ఉండాలి. ఎండ సంగతి పొలము పనివారికి ముఖ్యము. ఈ మందు వాడుతున్నప్పుడు కొందరి చర్మము ఎండకు తట్టుకోలేక ఎర్రగా కమిలిపోతుంది. నాట్లు, కోతల కాలమైతే తలకు గుడ్డ, ఒంటికి నిండుచేతుల చొక్కా తప్పదు. వికారము, విరేచనాలు, నోటిలో తెల్లపూత వంటివి కూడా రావచ్చు. చూపు మసకబారి విడువని తలనొప్పి వస్తే మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గూటిలో పెట్టి మరచిపోయిన పాత కాప్సూళ్ల విషయము. వేడికి, చెమ్మకు టెట్రాసైక్లిన్ చెడిపోతుంది. అలా చెడినవి వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు 1963లో అమెరికా వైద్యులు గుర్తించారు. ఆనాటి కాప్సూళ్లలో కలిపిన ఒక పులుపు పదార్థము కూడా దానికి తోడయినదని తరువాత తేలి దానిని మానివేశారు. అయినా గడువు దాటిన మందుకు ఇంటిలో చోటు ఇవ్వవలసిన పని లేదు.

పశువులలో చిక్కులు వేరు. నెమరువేసే పశువు పొట్ట సూక్ష్మజీవుల కర్మాగారము వంటిది. గడ్డిని అరిగించేది అవే. పెద్ద పశువుకు ఈ మందును నోటి ద్వారా పట్టిస్తే అవి దెబ్బతిని నెమరు ఆగి మేత మానివేస్తుంది. కండకు వేసిన చోట గడ్డ కడుతుంది, అందుకే ఎక్కువ మందును ఒకేచోట వేయరు. నరానికి తొందరగా ఎక్కిస్తే పశువు అక్కడే కూలిపోవచ్చు. ఈ ఒక్క కారణముతోనే సూది పనిని తెలిసినవారికి వదలడము మేలని మా అభిప్రాయము.

పాలకేను, పొరుగువారి బిడ్డ

మందు వేసిన గేదె పాలలోకి ఆ మందు దిగుతుంది. కాచినంతమాత్రాన పూర్తిగా పోదు. కొన్నిసార్లు ఆ పాలకు తోడు వేస్తే పెరుగు తోడుకోదు, పెరుగు చేసే మంచి సూక్ష్మజీవులను కూడా అది అణచివేస్తుంది గనుక. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు లీటరు పాలలో 100 మైక్రోగ్రాములకు మించి ఈ మందు ఉండరాదని చెబుతున్నాయి. మన దేశములో 2012లో మందుల నిబంధనలకు చేర్చిన సవరణ ప్రకారము, పశువుల మందు అట్టమీద ఎన్ని రోజులు ఆగాలో వ్రాయాలి. అలా ప్రత్యేకముగా చెప్పని మందుకు పాలు, గ్రుడ్లు ఏడు రోజులు, మాంసము ఇరవై ఎనిమిది రోజులు ఆపాలి. ఏడు రోజుల పాలు పారబోయడమంటే పేద ఇంటికి చిన్న నష్టము కాదు, మాకు తెలుసు. కాని ఆ కేంద్రములో పోసిన పాలు ఏ ఇంటి పసిబిడ్డ గ్లాసులోకి వెళ్తాయో పోసినవారికి తెలియదు. సూది వేయకముందే "పాలు ఎన్నాళ్లు ఆపాలి సార్?" అని అడిగితే డాక్టరుగారు వీలైనచోట తక్కువ రోజుల మందును ఎంచగలరు.

కోళ్ల సంగతి దీనికంటె పెద్దది. 1950 ప్రాంతములో లెడర్లీ సంస్థలోనే ఒక విషయము బయటపడింది: ఆరియోమైసిన్ కొద్దిగా కలిసిన మేత తిన్న కోడిపిల్లలు త్వరగా బరువు పెరిగాయి. అప్పటి నుండి రోగము లేని కోళ్లకు, పందులకు కూడా బరువు కొరకు ఈ మందు మేపడము అనేక దేశాలకు పాకింది.

1976లో బోస్టన్ నగరపు వైద్యుడు స్టూవర్ట్ లెవీగారు ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడికి దగ్గరలోని ఒక రైతు కుటుంబపు కోళ్లకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టి చూశారు. వారము తిరగకముందే ఆ కోళ్ల ప్రేగులలోని క్రిములు దాదాపు అన్నీ ఆ మందుకు లొంగనివిగా మారాయి. అయిదారు నెలలకు, ఆ మందును నోట వేసుకోని ఆ ఇంటి మనుషుల ప్రేగులలో కూడా లొంగని క్రిములు పెరిగాయి. పొరుగిళ్లవారిలో అలా జరగలేదు. ఇంకా విచిత్రము, ఆ క్రిములలో కొన్ని కోళ్లకు ఎన్నడూ పెట్టని వేరే మందులకు కూడా లొంగలేదు. మొండితనాన్ని నేర్పే జన్యువులు గుంపుగా ఒక క్రిమి నుండి మరొక క్రిమికి చేరుతాయి. ఒకటి వస్తే నాలుగు వస్తాయి. రేపు ఆ ఇంటిలో ఎవరికైనా మూత్రములో చీము పట్టినా, పుండు కుళ్లినా వాడవలసిన మందు పనిచేయదు. దాణాలో మందు ఆపిన కొన్ని నెలలకు ఆ ఇంటివారిలో చాలామందికి మొండి క్రిములు తగ్గిపోయాయి.

యూరపు దేశాలు 2006 నుండి బరువు కొరకు యాంటీబయాటిక్‌లు మేపడాన్ని పూర్తిగా నిషేధించాయి. మనుషులకు ముఖ్యమైన మందుల విషయములో అమెరికా 2017లో అదే చేసింది. మన దేశములో 2019 జూలైలో కొలిస్టిన్ అనే చివరి దశ మందును ఆహారపు జంతువులకు వాడరాదని నిషేధించారు. పెరటిలో ఇరవై కోళ్లు పెంచుకొనేవారు కూడా దాణా సంచి, నీళ్లలో కలిపే పొట్లము కొనేటప్పుడు అట్టమీది అక్షరాలు చదువుకోవచ్చు. ఇంటిలో చదువుకున్న పిల్లలచేత చదివించుకోవచ్చు. పేరు చివర "సైక్లిన్" అని ఉంటే అది ఈ మందే. కోళ్లు ఆరోగ్యముగా ఉండగా అది ఎందుకు కలపాలో కొట్టువానిని అడగండి.