పొంగే నీటికి పగ్గం వేసే మూత

మే నెల మధ్యాహ్నం. ముంబయి నుంచి నాసిక్ వెళ్లే రహదారిపై కసారా ఊరు దాటగానే ఘాట్ మొదలవుతుంది. ఇగత్‌పురి చేరేవరకు ఎత్తు మీద ఎత్తు ఎక్కవలసిందే. ఏటా వేసవిలో ఆ మలుపుల వద్ద ఒక దృశ్యం కనిపిస్తుంది. బానెట్ ఎత్తి నిలిపిన కారు, దాని ముందు భాగం నుంచి లేచే తెల్లని ఆవిరి, రోడ్డు పక్క నీడలో నిలబడిన పిల్లాపెద్దా, చేతికి తడిగుడ్డ చుట్టుకొని రేడియేటర్ మీదికి వంగిన డ్రైవరు. మూత తీసి నాలుగు చెంబుల నీళ్లు పోస్తే ఇంజను చల్లబడుతుందని అతని నమ్మకం. వెనుక ఆగిన లారీ నుంచి అనుభవజ్ఞుడెవరైనా దిగివచ్చి ఆ చేయి పట్టుకుంటే అతడు అదృష్టవంతుడు. లేకపోతే మరుక్షణంలో కాగిన నీరు, ఆవిరి కలిసి అతని ముఖం మీదికి, మెడ మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతాయి.

ఇందులో విచిత్రం ఒకటుంది. మూత బిగించి ఉన్నంతసేపూ రేడియేటర్‌లోని నీటిలో అధికభాగం మరగనే లేదు. మూత తీసినందువల్లనే అది మరిగింది.

నీరు నూరు డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని బడిలో నేర్చుకున్న మాట సముద్రమట్టం వద్ద, తెరచిన పాత్రలో మాత్రమే నిజం. నీటిపై ఒత్తిడి పెరిగితే అది మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చేసే పని ఇదే. దాని మీది బరువు ప్రతి చదరపు అంగుళానికి సుమారు 15 పౌనుల అదనపు పీడనాన్ని లోపల నిలబెడుతుంది. అందువలన అందులోని నీరు 120 డిగ్రీల వరకు మరగక నిలుస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. ఈ సూత్రంతో మొదటి పాత్ర తయారుచేసినవాడు డెనీ పాపాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1679లో లండన్‌లో రాయల్ సొసైటీ ఎదుట దానిని ప్రదర్శించాడు. 1682లో ఆ సొసైటీ సభ్యులకు అందులో వండిన భోజనమే వడ్డించాడు. గట్టి ఎముకలు సైతం మెత్తబడి వచ్చాయట. పాత్ర పగిలిపోకుండా దానికి ఆయన అమర్చిన రక్షక కవాటాన్ని నేటి కుక్కర్ బరువుకు, రేడియేటర్ మూతకు పూర్వీకురాలిగా చెప్పుకోవచ్చు.

తొలి మోటారు వాహనాలకు ఇటువంటి మూత లేదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నీరు మరిగి ఆవిరైపోవడమే ఇంజను చల్లబడే మార్గం. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి, సుమారు 100 కిలోమీటర్లు, ఆ బండిలో ప్రయాణించింది. దారిలో నీరు దొరికిన ప్రతి చోటా ఆగి ఇంజనుకు పోయవలసి వచ్చింది. ఇంధనం కంటే నీటి కోసమే ఎక్కువసార్లు ఆగిన ప్రయాణమది! తరువాత వచ్చిన రేడియేటర్ ఆ నీటిని వృథా చేయకుండా తిరిగి తిరిగి వాడుకునే వీలు కల్పించింది. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన తేనెతుట్టె వంటి రేడియేటర్‌లో 8,070 సన్నని గొట్టాలున్నాయి. అయినా పైన ఉన్నది కేవలం మూతే. 1911లో రోల్స్ రాయిస్ వారు తమ ప్రసిద్ధమైన స్త్రీమూర్తిని ప్రతిష్ఠించినది రేడియేటర్ మూత మీదనే. అందానికి పీఠమైంది కాని, దానికి వేరే పని ఉంటుందని అప్పటికి ఎవరూ తలచినట్లు లేదు.

నేటి మూతను విప్పి తిరగవేసి చూస్తే అది మూత కాదని, ఒక యంత్రమని తెలుస్తుంది. అడుగున రబ్బరు వాషరు, దానిని రేడియేటర్ గొంతుకు నొక్కిపట్టే గట్టి స్ప్రింగు. ఇంజను వేడెక్కినకొద్దీ నీరు వ్యాకోచిస్తుంది. ఇరవై డిగ్రీల నుంచి నూరు డిగ్రీలకు వచ్చేసరికి ఎనిమిది లీటర్ల నీరు మూడు వందల మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. పెరగడానికి చోటు లేదు కనుక లోపల పీడనం పుడుతుంది. అది స్ప్రింగు బలాన్ని మించితే వాషరు కొద్దిగా లేచి, అదనపు నీటిని పక్క గొట్టం ద్వారా ప్లాస్టిక్ డబ్బాలోకి పంపుతుంది. ఆ హద్దు ఎంతో మూత మీదనే అచ్చువేసి ఉంటుంది. 0.9 అంటే సుమారు వాతావరణ పీడనానికి పదింట తొమ్మిది వంతుల అదనం; అదే కొన్నింటి మీద 13 పౌనులనీ, 88 కిలోపాస్కళ్లనీ ఉంటుంది. ఆ అదనంతో సముద్రమట్టం వద్ద మామూలు నీరు మరిగే ఉష్ణోగ్రత 119 డిగ్రీల వరకు పెరుగుతుంది. గ్లైకాల్ కలిపిన కూలెంట్ అయితే ఇంకా పైకి వెళుతుంది.

ఈ పంతొమ్మిది డిగ్రీల విలువ తెలియాలంటే సిలిండర్ హెడ్ లోపలికి చూడాలి. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ లోహం అన్నిటికంటె వేడిగా ఉంటుంది. అక్కడ నీరు మరిగి ఆవిరి బుడగలు నిలిస్తే, నీరు తీసుకుపోయినంత వేడిని ఆవిరి తీసుకుపోలేదు. లోహం మరింత కాలి హెడ్ వంగిపోతుంది, గాస్కెట్ పాడవుతుంది. పీడనం ఆ బుడగలను పుట్టనివ్వదు. మరొక లాభం కూడా ఉంది. బయట గాలి 45 డిగ్రీలున్న రోజున, నూరు డిగ్రీల నీటికీ గాలికీ తేడా 55. నీటిని 118 వరకు మరగనివ్వక నిలిపితే ఆ తేడా 73. అంటే అవసరమైన వేళ అదే రేడియేటర్ దాదాపు మూడో వంతు ఎక్కువ వేడిని వదిలిపెట్టగలదు.

ఎత్తైన కొండల మీద ఈ మూత విలువ మరింత స్పష్టమవుతుంది. లేహ్ నుంచి నుబ్రా లోయకు వెళ్లే దారిలో ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడి బోర్డులు చాలాకాలం అంతకంటే ఎక్కువే చెప్పాయి. మనిషికి ఎత్తుల మీద అంత మోజు. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో సగమే. తెరచిన పాత్రలో నీరు 82, 83 డిగ్రీలకే మరుగుతుంది. చాలా ఇంజన్లలో నీటిని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోవడం మొదలయ్యేది కూడా ఇంచుమించు ఆ ఉష్ణోగ్రతకే. మూత లేని బండి అక్కడ చల్లబడడం మొదలుపెట్టకముందే మరిగిపోతుందన్నమాట. 0.9 మూత బిగిస్తే హద్దు 110 డిగ్రీలకు చేరుతుంది. సముద్రతీరంలో దొరికే 119 మాత్రం దొరకదు. స్ప్రింగు తన బలాన్ని బయటి గాలి బలానికి కలుపుతుందే గాని, లేని గాలిని సృష్టించలేదు.

మూత మధ్యలో ఒక చిన్న బిళ్ల కూడా ఉంటుంది. అది రెండవ కవాటం. పెద్దదానికి వ్యతిరేక దిశలో తెరుచుకుంటుంది. రాత్రి బండి చల్లారినప్పుడు నీరు సంకోచించి లోపల పీడనం తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి డబ్బాలోని నీటిని నొక్కి, ఆ బిళ్ల గుండా రేడియేటర్‌లోకి తిరిగి పంపుతుంది. పగలు బయటికి వెళ్లిన నీరు తెల్లవారేసరికి ఇల్లు చేరుతుంది. ఈ బిళ్ల బిగుసుకుపోతే ఉదయానికి పై రబ్బరు గొట్టం చప్పిడైపోయి కనిపిస్తుంది. చాలామంది గొట్టం మారుస్తారు. నేరం మూతది.

ఇలాగే మరికొన్ని అపోహలున్నాయి. బండి వేడెక్కుతున్నదని ఎక్కువ అంకె గల మూత బిగించేవారున్నారు. మూత ఇంజనును చల్లబరచదు. నీటిని మరగకుండా నిలుపుతుంది, అంతే. పూడిపోయిన రేడియేటర్, తిరగని ఫ్యాను, అరిగిన పంపు అట్లాగే ఉండగా పీడనం మాత్రం పెంచితే బలహీనమైన గొట్టమో రేడియేటర్ అతుకో పగులుతుంది. కొందరు ఘాట్ ఎక్కేముందు మూత కొద్దిగా వదులు చేస్తారు. అది మరీ చేటు.

తడిగుడ్డ చుట్టుకున్న డ్రైవరు వంటివారు చేసే పొరపాటు అన్నిటికంటే ప్రమాదకరమైనది. 119 డిగ్రీల నీటిపై పీడనాన్ని ఒక్కసారిగా తొలగిస్తే, అదనంగా దాగి ఉన్న వేడి ఆ క్షణమే కొంత నీటిని ఆవిరిగా మారుస్తుంది. లీటరుకు నలభై మిల్లీలీటర్లకు లోపే ఆవిరవుతుంది. కాని నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లు దాటుతుంది. ఆ కొద్ది నీరే సుమారు అరవై లీటర్ల ఆవిరై, మిగిలిన కాగిన నీటిని ముందుకు తోసుకుంటూ బయటికి దూసుకువస్తుంది. తడిగుడ్డ దానికి అడ్డు కాదు. ఇంజను ఆపి, కనీసం అరగంట ఆగి, పై గొట్టం చేతికి మెత్తగా, వేడి లేకుండా తగిలినప్పుడే మూత ముట్టుకోవాలి. అప్పుడు కూడా మొదట మొదటి గాడి వరకే తిప్పి, బుసబుస శబ్దం పూర్తిగా ఆగాకనే మూతను కిందికి నొక్కి విప్పాలి. ఇప్పటి చాలా కార్లలో ప్లాస్టిక్ డబ్బాయే పీడనంలో ఉంటుంది, మరమూత దాని మీదనే ఉంటుంది, జాగ్రత్త అదే. కాలిన ఇంజనులో చల్లని నీరు ఒక్కసారిగా పోస్తే బ్లాకు పగులు పట్టవచ్చు.

కసారా మలుపులో ఆగినవారు ఓపిక పట్టి, నీరు నింపుకొని, నెమ్మదిగా ఇగత్‌పురి చేరుతారు. అక్కడి మెకానిక్ ఇంజను కంటే ముందు మూత విప్పి తిరగవేసి చూస్తాడు. రబ్బరు అంచు ఎండి బీటలు వారి ఉంటుంది. గొంతు చుట్టూ కారి ఎండిన తెల్లని చార ఉంటుంది. హద్దు చెప్పే అంకె తుప్పు కింద ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది.